పేరు పెట్టి పిలవకూడనివాడు

మా అప్ప ఎండు నెత్తళ్ళు వేయిస్తోంది. తలలు తుంచి, ఇనప పెనం మీద నూనె లేకుండా వేయించి, ఆ తర్వాత ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి చింతపండు పులుసు పోస్తుంది. నేనుండే రైల్వే క్వార్టర్సులో ఈ వాసన వస్తే పక్కింటివాళ్ళు తలుపులు మూసుకుంటారు. ఇక్కడ పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "కూరేటి, నెత్తళ్ళేనా?" అని అడిగి, గిన్నె పట్టుకుని వచ్చింది.

ఒడిశాలో ఉద్యోగంలో చేరాక నేను ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి శ్రీకూర్మం దగ్గర ఈ ఊరికి వస్తూనే ఉన్నాను. మా నాన్న పొలం అమ్మేసి విజయనగరం వెళ్ళిపోయినా, అక్కని, మా వైపు అప్ప అంటాం, ఈ ఊళ్ళోనే ఇచ్చారు కాబట్టి నాకు ఇంకా ఊరుంది. వచ్చి రెండు రోజులుంటాను. కలిసి చదువుకున్న వాళ్ళని పలకరిస్తాను, మేనల్లుళ్ళతో కబుర్లు చెబుతాను, వెళ్ళిపోతాను. ఈసారీ అంతే అనుకున్నాను.

"నీ నేస్తం తల్లి మంచాన పడిపోనాది" అంది అప్ప, పెనం మీంచి తలెత్తకుండా. "నిన్నే అడుగుతన్నాదట."

"ఎవరన్నారు?"

"సేపలమ్మీ మనిషి. ఏటి, మొహం అలగెట్టినావు? సముద్రం ఎంత దూరమని? రెండు మైళ్ళు. ఇన్నిసార్లొచ్చినావు, ఒక్కపాలైనా ఎల్లినావా? నాకే సిగ్గేస్తన్నాది."

అప్పకి సిగ్గు మాత్రమే తెలుసు. కారణం తెలియదు. ఎవరికీ చెప్పలేదు.

మా వైపు నేస్తం కట్టడమంటే వట్టి స్నేహం కాదు. పెద్దవాళ్ళు పదిమంది ఎదుట ఇద్దరికి కడతారు. కులం వేరైనా, ఊరు వేరైనా ఫరవాలేదు. కట్టాక రెండిళ్ళూ చుట్టాలే. అతని తల్లి నాకూ అమ్మే. పెళ్ళికీ చావుకీ బట్ట పట్టుకుని వెళ్ళాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోటితో అనకూడదు. చచ్చేదాకా "నేస్తం" అనే పిలుచుకోవాలి. అందుకే అతని పేరు ఇక్కడ కూడా రాయను. ఒకసారి అన్నది చాలు.

మాకు నేస్తం కట్టడానికి కారణం జీడిపిక్కలు. మాది వ్యవసాయం, వాళ్ళది సముద్రం మీద వేట. మా ఊరికీ వాళ్ళ పేటకీ మధ్య ఇసక నేలలో జీడితోటలుండేవి. వేసవిలో ఆ తోటల్లోకి అడుగు పెడితే పళ్ళ పులిసిన వాసన ముక్కుకి తగిలేది. పళ్ళు తింటే ఎవరూ ఏమీ అనరు, పిక్క జోలికి వెళ్తే మాత్రం కాపలా ముసలాయన కర్ర పట్టుకుని తరిమేవాడు. మాకు కావాల్సింది పిక్కే. తొమ్మిదేళ్ళుంటాయేమో ఇద్దరికీ. అతను చేపల బుట్టతో వచ్చిన తల్లి వెనకాల మా ఊరికి వచ్చేవాడు. ఆవిడ ఇల్లిల్లూ తిరిగేలోగా మేం తోటలో ఉండేవాళ్ళం.

ఆ రోజు పిక్కలు కాల్చడానికి ఓపిక పట్టలేకపోయాం. ఎండుటాకులు పోగేసి మంట పెట్టి, పిక్క సగం కాలిందో లేదో, పళ్ళతో కొరికేశాం. జీడిపిక్క డొల్లలో నూనె ఉంటుంది. అది తగిలిన చోట చర్మం ఊడిపోతుంది. సాయంత్రానికి నా మూతి పొంగి, నల్లగా అయింది. అమ్మ అడిగితే చీమ కుట్టిందన్నాను. అదే సమయానికి చేపల బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోతూ అతని తల్లి మా గుమ్మం ముందు ఆగింది. వెనక అతను. అతని మూతీ అలాగే ఉంది.

మా నాయనమ్మ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"ఓలమ్మా, రెండు మూతులూ ఒక్క అచ్చులో పోసినట్టు కాలినాయి. ఒకే సీమ ఇద్దర్నీ కుట్టినాదేటి?"

అతని తల్లి బుట్ట దించి కడుపు పట్టుకుని నవ్వింది. "మరేటి సేద్దామమ్మా ఈలని?"

"ఏటి సేస్తాం! నేస్తం కట్టేద్దాం. దొంగతనానికి ఎల్లినా ఒకరి కోసం ఒకరుంటారు."

డోల పౌర్ణమి జాతరకి శ్రీకూర్మం వెళ్ళినప్పుడు కట్టారు. గుడి బయట రంగురాళ్ళ దండలూ, పిల్లనగ్రోవులూ, ఈగలు మూగిన బెల్లం జీళ్ళూ. మా ఇద్దరికీ పసుపు నీళ్ళు చల్లారు. ఒకరి భుజం మీద ఒకరం కొత్త తువ్వాలు వేశాం. ఒకరి నోట్లో ఒకరం బెల్లం జీడి ముక్క పెట్టాం. నేను పెట్టిన ముక్క పెద్దది, అతను నమల్లేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఏడుస్తన్నాడు, ఇష్టం నేదేటో" అన్నారెవరో. నోరు తెరవలేక తల అడ్డంగా ఊపాడు. అందరూ నవ్వారు.

తర్వాత ఓ నెల్లాళ్ళు మాకు నరకమే. అలవాటుగా పేరు నోట్లోకి వచ్చేసేది. నాయనమ్మ తాటాకు విసనకర్ర తిరగేసి కాళ్ళ మీద ఒకటిచ్చేది. "ఒరే" అన్నా ఊరుకునేది కాదు. అతను నన్ను ఇరికించాలని తెప్పల చాటున దాక్కునేవాడు, నేను కంగారులో పేరు పెట్టి అరుస్తానని. ఒకసారి ఒడ్డున నిలబడి, "ఓ నేస్తం!" అని గట్టిగా కేకేశాను. వలలు బాగుచేసుకుంటున్న ముసలాళ్ళు ముగ్గురు ఒకేసారి తలతిప్పారు. వాళ్ళకీ నేస్తాలున్నారు మరి.

వాళ్ళమ్మ నాకు అమ్మ అయింది. సెలవుల్లో వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. పొద్దున్నే చోడి అంబలి, మధ్యలో పచ్చి ఉల్లిపాయ, పక్కన కాల్చిన ఎండుచేప. ఇద్దరికీ ఒకటే ముంత. నేను పెద్ద గుక్కలు వేస్తున్నానని అతను గొడవ పెడితే ఆవిడ, "తాగనియ్ రా, ఆడి బొజ్జ సూడు, బుగతోరి బొజ్జ. దానికి తూము పెద్దది" అనేది. బుగతంటే పొలమున్న ఆసామి. మా ఇంట్లో ధాన్యం నూర్చగానే నాన్న ఓ బస్తా వాళ్ళ పేటకి పంపేవాడు. వాళ్ళ నాన్న మంచి చేప పడితే అది ముందు మా ఇంటికి వచ్చేది. ఎవరూ లెక్క చూసుకున్నట్టు గుర్తులేదు.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. నన్ను రాజాంలో కాలేజీలో చేర్చి హాస్టల్లో పెట్టారు. అతను తెప్ప ఎక్కాడు.

ఇక్కడి నుంచి చెప్పడం కష్టం. ఇన్నాళ్ళూ నాలో నేను దీన్ని చాలా రకాలుగా చెప్పుకున్నాను. చిన్నతనం అనుకున్నాను, అందరూ చేసేదే అనుకున్నాను. ఏదీ నిలబడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాస్టల్లో టౌను కుర్రాళ్ళు నలుగురితో నాకు కొత్తగా స్నేహం కుదిరింది. ఇస్త్రీ చొక్కాలు, చేతికి వాచీలు. వాళ్ళ పక్కన నిలబడడానికి నేను మాట మార్చుకున్నాను. "ఏటి" అనడం మానేసి "ఏంటి" అన్నాను. ఒక మధ్యాహ్నం మేం హాస్టల్ గేటు దగ్గర నిలబడి ఉంటే అతను వచ్చాడు. గడ్డం మాసి ఉంది. నడుముకి లుంగీ, భుజాన తడి ఆరిన తువ్వాలు. నన్ను చూడగానే మొహం మారింది. దగ్గరికి వచ్చి, "నేస్తం" అన్నాడు. అతని దగ్గర సముద్రం వాసన వచ్చింది. పక్కవాడు ముక్కు మూసుకోవడం నాకు కనిపించింది.

"ఎవర్రా ఇతను? నేస్తమంటాడేంటి?" అన్నాడు వాడు.

"మా ఊరి వైపు వాడు. మా ఇంటికి చేపలు తెస్తాడు" అన్నాను. అక్కడితో ఆగలేదు. అతని వైపు తిరిగి, పేరు పెట్టి, "ఒరే, నువ్విక్కడికెందుకొచ్చావురా?" అన్నాను.

ఆ మొదటి నెల తడబాట్లు పోనిస్తే, ఎనిమిదేళ్ళలో అతని పేరు అనడం అదే మొదలు. అతను నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అన్నట్టు నా భుజం మీంచి చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"నాన్న పోనాడు. కామెర్లు. ఆదివారం నాడు పెద్దదినం. సెప్పి రమ్మన్నాది అమ్మ."

మా వైపు పదకొండో నాడు పెద్దదినం చేస్తారు. ఆ రోజు బంధువులు తెచ్చిన కొత్త బట్టలు దుఃఖంలో ఉన్నవాడికి వేస్తారు. నేస్తం ఉన్నవాడికి నేస్తం తెచ్చిన బట్టే ముందు పడాలి. అది నాకు తెలుసు.

"సోమవారం పరీక్ష ఉంది" అన్నాను. పరీక్ష లేదు.

"అలాగా" అన్నాడు. కాసేపు నిలబడి, "బాగా రాసుకో" అని వెళ్ళిపోయాడు. నేను లోపలికి వచ్చాను. పెద్దదినానికి వెళ్ళలేదు. ఆ ఆదివారం ఏం చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. ఏదో చేసే ఉంటాను. గుర్తుండేంత పని కూడా కాదు.

అప్ప చెప్పిన మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కాను. చేతిసంచిలో ఒక పంచె ఉంది. ఈసారి వచ్చేటప్పుడు ఎందుకో పొందూరులో రైలు దిగి కొన్నాను. ఎవరికోసమని కొట్టువాడు అడిగితే చెప్పలేకపోయాను. దారంతా ఒకటే ఆలోచన, అతను నన్నేమని పిలుస్తాడు? తిట్టినా ఫరవాలేదు. నేస్తం అని తిడితే చాలు.

జీడితోటల్లో సగం తుఫానుకి పోయాయి. పేటలో తాటాకు ఇళ్ళు లేవు, డాబాలున్నాయి. తెప్పలు లేవు, ఇంజన్లు పెట్టిన ఫైబర్ పడవలున్నాయి. మగపిల్లలు చాలామంది గుజరాత్ బోట్ల మీదికి పనికి వెళ్ళిపోయారని ఆటో అబ్బాయి చెప్పాడు. అతను ఇంటిముందు రేకుల పంచలో కూర్చుని నైలాన్ వల బాగుచేస్తున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. తలెత్తి చూసి వెంటనే గుర్తుపట్టాడు. లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడొచ్చినారు బాబూ? కూకోండి. అమ్మీ, కుర్చీ తే."

బాబూ అన్నాడు. మీరన్నాడు. మర్యాదలో లోపం లేదు. కోడలు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, చీర చెంగుతో తుడిచి వేసింది. నేను కూర్చున్నాను. అతను కింద కూర్చుని మళ్ళీ వల అందుకున్నాడు. వానల గురించి మాట్లాడాం. కొడుకు గుజరాత్‌లో ఉన్నాడన్నాడు. నాకెంతమంది పిల్లలని అడిగాడు. అలా ఎంతసేపైనా మాట్లాడగలిగేవాళ్ళం, దారిలో కలిసిన ఇద్దరు మనుషుల్లా. నేను సంచిలోంచి పంచె తీసి చాచాను.

"ఇదేటి బాబూ?"

"ఆ రోజు తేవలసింది."

అతను ముట్టుకోలేదు. "అది ఆ రోజుకే గదా. పదిమంది ఎదుట ఎయ్యాల్సిన బట్ట. ఇప్పుడెయ్యడానికి ఎవులు సచ్చిపోనారు?" కోపంగా అనలేదు. వల కన్ను ఎక్కడ తెగిందో చూపించినంత మామూలుగా అన్నాడు.

"నేస్తం" అన్నాను. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఆ మాట అనడం అదే. "ఆ సోమవారం నాకు పరీక్ష లేదు."

అతని చేతులు ఆగాయి. "ఎరికే" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"బస్సు తప్పిపోనాది. సీకటి పడీదాక బస్టాండుకాడే కూకున్నాను. మీరు ఐదుగురూ సినిమా హాలుకేసి ఎల్లడం సూసినాను. మీరు నవ్వుతన్నారు." మళ్ళీ వల అందుకున్నాడు. "అమ్మకి మాత్రం పరిచ్చనే సెప్పినాను. ముసిల్ది ఇప్పటికీ అదే అనుకుంటన్నాది. మీరు సెప్పకండి."

లోపలి నుంచి గొంతు వినపడింది. "ఎవుల్రా అది? ఎవులితో మాటాడతన్నావు?"

గదిలో నులక మంచం మీద ఆవిడ చిన్న మూటలా ఉంది. కళ్ళు మసకబారాయి. నేను పక్కన కూర్చోగానే చేయి చాచి నా మొహం తడిమింది. ముక్కు, మూతి, గడ్డం. తర్వాత కడుపు మీద చెయ్యి వేసింది.

"బుగతోరి బొజ్జ" అంది. "నువ్వేరా?"

"నేనేనమ్మా."

"సేతిలో ఏటది?"

"పంచె. పొందూరుది. నేస్తం వద్దంటున్నాడు."

"ఆడికొద్దంటే నాకియ్యి. సలేస్తన్నాది." లాక్కుని, అంచు వేళ్ళతో నలిపి చూసి గుండెల మీద కప్పుకుంది. "మెత్తగున్నాది. ఇన్నాళ్ళకి నా కొడుకు బట్టెట్టినాడు." అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుని అడిగింది.

"ఆ పరిచ్చ పాసైనావా రా?"

అతను నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. పాసయ్యానని అంటే ఆవిడ సంతోషించేది. అతను దాచిన మాట అలాగే నిలబడేది. కానీ ఆ మాట నా కోసం అతను మోసింది. ఆవిడ చెయ్యి ఇంకా నా కడుపు మీదే ఉంది. ఆ చెయ్యి కింద కూర్చుని మరో అబద్ధం చెప్పలేకపోయాను.

"పరిచ్చ నేదమ్మా" అన్నాను. నాకు తెలియకుండానే పాత మాట వచ్చింది. "అబద్ధమాడినాను. సిగ్గుపడి రానేదు. నేస్తాన్ని నలుగుర్లో పేరెట్టి పిలిసినాను."

బయట పడవ ఇంజను చప్పుడు దగ్గరై, దూరమైంది.

"నువ్వు పాసవ్వాలని అమ్మోరికి కోడిపెట్టనిచ్చినాను రా" అంది ఆవిడ చివరికి. "రోజూ గుడ్డెట్టీది. పరిచ్చే నేకపోతే ఆ పెట్టని అమ్మోరు ఊరికే తినేసినాదేటి?"

"అమ్మోరు తిననేదే. మనవే తిన్నాం" అన్నాడు అతను గుమ్మంలోంచి.

"నువ్వే తిన్నావు. నాకు మెడొక్కటే ఎట్టినావు."

కోడలు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వు పూర్తికాకముందే ఆవిడ మళ్ళీ అంది, నాకు మాత్రమే వినపడేంత మెల్లగా:

"పెద్దదినం నాడు బోయినాలకి నీ ఆకు ఏసి ఉంచినాను. ఆడి పక్కన. ఎవులొచ్చినా కూకోనియ్యనేదు. అందరూ తినేసి ఎల్లిపోనారు. ఆఖరికి నానే తీసేసినాను."

నేను ఆవిడ చేతిమీద తల పెట్టాను. ఆవిడ వద్దనలేదు, ఓదార్చనూ లేదు. కాసేపటికి, "తినేసి ఎల్లు" అంది, కోడలికి వినపడేలా.

కోడలు అన్నం పెట్టింది. చేపల పులుసు, పైన కొత్త చింతకాయ వాసన. అతనికీ పక్కనే పళ్ళెం పెట్టింది. ఇద్దరం తిన్నాం. ముల్లు తీయడం నేను మర్చిపోయానని అతను గమనించాడు. వేలితో నా పళ్ళెంలో ముక్క తిప్పి, "ఇలగ, ఈ పక్కనుంచి" అని చూపించాడు. చూపించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంతకుమించి ఏమీ లేదు.

బయల్దేరుతుంటే కోడలు సెల్‌ఫోన్ పట్టుకుని వచ్చింది. "బాబుగారి నంబరు తీసుకుంటాను మావా. ముసిలమ్మకి ఏదైనా అయితే సెప్పాల గదా."

అతను వల ముందు కూర్చుని ఉన్నాడు. "తీసుకో" అన్నాడు. నేను నంబరు చెప్పాను. ఆ అమ్మాయి నొక్కి, మామగారి వైపు తిరిగింది.

"పేరేటని ఎక్కించను మావా?"

అతను ఏం చెబుతాడో అని నేను చెప్పులు వేసుకోవడం ఆపేశాను. రైల్వే బాబు అంటాడేమో. అప్ప ఊరు చెబుతాడేమో. నా పేరే చెప్పేసినా అనడానికి నాకేమీ హక్కు లేదు.

"ఆయన్నే అడుగు" అన్నాడు.

"నీకు తెల్దేటి?"

"తెలుసే."

"మరి సెప్పవేటి?"

వల దారం పళ్ళతో తెంపి, ముడి బిగించి, అప్పుడన్నాడు. "నాను అనకూడదు."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఫోను పట్టుకుని నావైపు చూసింది. నా పేరు నేనే చెప్పాను. సరిగ్గా వినపడలేదని మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాను. ఆ అమ్మాయి ఒక్కొక్క అక్షరమే నొక్కుతుంటే అతను తలెత్తకుండా పని చేసుకుంటున్నాడు.

నన్ను అతను నేస్తమని పిలవలేదు. ఇక పిలుస్తాడో లేదో తెలియదు. హాస్టల్ గేటు దగ్గర నేను అంత తేలిగ్గా తెంపేసినదాన్ని, ఇన్నేళ్ళుగా ఎవరూ చూడని చోట, అడిగేవాళ్ళు లేని చోట, అతనొక్కడే పాటిస్తూ వచ్చాడు. ఆ సంగతి నాకు తెలియాలని కూడా అతను అనుకోలేదు. కోడలు అడగబట్టి తెలిసింది.